లారెన్సు అజ్ఞాతవాసం

విరాటపర్వం చదివిస్తే వానలు కురుస్తాయని మన పల్లెలలో ఒక నమ్మకం ఉన్నది. వానల మాట ఎట్లున్నా, భారతంలోని పద్దెనిమిది పర్వాలలో తెలుగువాని మనస్సుకు మిక్కిలి దగ్గరైనది అదే. తిక్కన కవిత్వం అందుకొక కారణమైతే, ఆ కథలోని సన్నివేశమే మరొక కారణమని నాకు తోస్తుంది. గాండీవం పట్టినవాడు బృహన్నలయై ఆటపాటలు నేర్పడం, హిడింబుని చంపినవాడు వలలుడై వంటశాలలో పొయ్యి ఊదడం, రాజసూయం చేసినవాడు కంకుభట్టై మరొక రాజు పక్కన కూర్చుండి పాచికలు వేయడం మన ఊహను ఎంతగానో పట్టి లాగుతాయి. గొప్పవాడు చిన్నవాడై దాగియుంటే, వాని గొప్పతనం ఎక్కడ బయటపడుతుందో అని శ్రోత ఊపిరి బిగబట్టి వింటాడు.

పాండవులకు అజ్ఞాతవాసం జూదపు పందెం వల్ల వచ్చిపడినది. ఏడాది నిండగానే వారు జమ్మిచెట్టు మీది ఆయుధాలు దించుకొన్నారు. ఎవరూ విధించకుండానే, కీర్తి నడినెత్తిన వెలుగుతున్న వేళ తన పేరును తానే విడిచి, ఇంచుమించు పన్నెండేండ్లకు పైగా సామాన్య భటుడుగా బ్రతికి, మరల ఆయుధం చేపట్టకుండానే కన్నుమూసినవాడొకడు ఇరవయ్యో శతాబ్దంలో ఉన్నాడు. లోకం అతనిని అరేబియా లారెన్సు అని పిలిచినది. ఆ పిలుపు అతనికి గిట్టలేదు.

ఆ పేరు వినగానే మనలో చాలమందికి 1962లో వచ్చిన చలనచిత్రం జ్ఞాపకం వస్తుంది. తెల్లని అరబ్బు దుస్తులు, ఒంటెలు, అంతులేని ఇసుక. ఆ చిత్రం అతని మరణంతో మొదలై, వెనుకకు పోయి, డమాస్కసు నగర ప్రవేశంతో ముగుస్తుంది. డమాస్కసు పతనం 1918లో. అతని మరణం 1935లో. నడుమ పదిహేడేండ్లు ఏమైనవి? వాటిలో కడపటి ఆరేండ్లు అతడు ఎడారికి బహుదూరాన, ఇంగ్లండు సముద్ర తీరాన, విమాన స్థావరాల చెంత, పడవల మధ్య గడిపినాడు. నేను చెప్పదలచినది ముఖ్యంగా ఆ పడవల కథ. సముద్రం కంటికి ఆనని హబ్సిగూడలో కూర్చుండి ఇది చెప్పడానికి ఒక కారణం ఉన్నది. అది చివరకు వస్తుంది.

థామస్ ఎడ్వర్డ్ 1888 ఆగస్టు 16న వేల్సు దేశపు ఉత్తర భాగాన, ట్రెమడోగ్ అనే చిన్న ఊరిలో జన్మించినాడు. ఆ ఊరు నిలిచిన నేల సముద్రానికి గట్టు కట్టి మనుష్యులు సంపాదించుకొన్న నేల. అతని ఇంటిపేరు కూడా అటువంటి సంపాదనే. తండ్రి థామస్ చాప్మన్ ఐర్లండులో భూస్వామి. భార్యను, నలుగురు కుమార్తెలను విడిచి, ఆ పిల్లల ఆలనాపాలనా చూడవచ్చిన సారా అనే స్కాట్లండు యువతితో వచ్చివేసి, లారెన్సు అనే పేరు పెట్టుకొని కాపురం సాగించినాడు. మొదటి భార్య విడాకులీయనందున ఆ కాపురానికి వివాహముద్ర ఎన్నడూ పడలేదు. ఐదుగురు కొడుకులలో మన కథానాయకుడు రెండవవాడు. తన ఇంటిపేరు తమది కాదన్న సంగతి అతడు పసితనంలోనే కనిపెట్టినాడు. పుట్టుకతో వచ్చిన పేరు ఒంటికి అతుక్కొని ఉండేవానికి దానిని మార్చుకోవడం చర్మం ఒలుచుకోవడం వంటిది. అతనికి అది అంగీ మార్చడమే అయినది.

1896లో ఆ కుటుంబం ఆక్సుఫర్డు చేరినది. అక్కడి జీసస్ కళాశాలలో చరిత్ర చదువుతూ, 1909లో వేసవి ఎండలో ఒంటరిగా సిరియా దేశమంతా కాలినడకన తిరిగి, క్రైస్తవ మతయోధులు కట్టిన పాత కోటలు పరిశీలించినాడు. అది ఇంచుమించు వెయ్యి మైళ్ళ నడక. తరువాత 1911 నుంచి మూడేండ్లు యూఫ్రటీసు ఒడ్డున కార్కెమిష్ అనే ప్రాచీన నగరపు త్రవ్వకాలలో పనిచేసినాడు. కూలివాండ్రతో వారి భాషలో మాట్లాడటం, వారి తిండి తినడం, వారి తగవులు తీర్చడం అక్కడ అబ్బిన విద్యలు.

యుద్ధం వచ్చినది. ఆ ఘట్టం లోకవిదితం కనుక త్వరగా దాటుతాను. 1916 జూన్ నెలలో మక్కా షరీఫు హుస్సేను తుర్కీ సుల్తానుపై తిరుగుబాటు లేవదీసినాడు. కైరోలో పటాలు గీస్తూ, గూఢచారి నివేదికలు కూరుస్తూ ఉన్న లారెన్సు ఆ యేడు అక్టోబరులో హెజాజుకు పోయి, షరీఫు కుమారులలో ఫైజలును ఎన్నుకొని, అతని పక్కన నిలిచినాడు. రైలుమార్గాలు పేల్చుతూ, 1917 జూలై 6న సముద్రం వైపు ఫిరంగులు ఎక్కుపెట్టియున్న అకాబా రేవును వెనుకనున్న ఎడారి వైపు నుంచి వచ్చి పట్టినారు.

ఆ ప్రయాణంలో జరిగిన ఒక చిన్న సంగతి మాత్రం చెప్పక తప్పదు. ఎడారి మధ్యలో గాసిం అనేవాని ఒంటె వట్టి జీనుతో నడుస్తున్నదని ఎవరో గమనించినారు. మనిషి ఎక్కడో పడిపోయినాడు. వాడు ఎవరికీ అంత ప్రీతిపాత్రుడు కాడు. వెనుకకు పోవడమంటే చావుకు ఎదురుపోవడం. లారెన్సు ఎవరికీ చెప్పకుండా తన ఒంటెను మరల్చి, వచ్చిన జాడ వెంట పోయి, ఎండకు కళ్ళు కనిపించక తూలుతున్న ఆ మనిషిని ఎక్కించుకొని తీసికొనివచ్చినాడు. చలనచిత్రంలో ఆ గాసింనే తరువాత లారెన్సు తన చేతులతో కాల్చి చంపినట్లు చూపినారు. అది నిజం కాదు. అతడు కాల్చినది హమీదు అనే వేరొకనిని. ఒక హత్య వల్ల రెండు తెగల మధ్య రక్తవైరం రగులుతుందని భయపడి, ఏ తెగకూ చెందని తానే శిక్ష అమలు జరిపినట్లు తన గ్రంథంలో వ్రాసికొన్నాడు. 1918 సెప్టెంబరులో తఫాస్ గ్రామంలో తుర్కీ సైనికులు ఆడవారిని, పిల్లలను ఊచకోత కోసినది చూచి, ఖైదీలను పట్టవద్దని ఆజ్ఞ ఇచ్చినది కూడా అతడే. ఒకడు ఎడారిలో తప్పిపోతే ప్రాణాలొడ్డి వెదికినవాడు, వందలమంది చేతులెత్తినా చంపించినాడు. ఈ రెండూ ఒకే మనిషి చేతులు. తరువాతి జీవితమంతా అతడు ఆ చేతులకేసి చూచుకొంటూ గడిపినాడని నాకు అనిపిస్తుంది.

1918 అక్టోబరు 1న డమాస్కసు పడినది. అదే యుద్ధరంగంలో, పాలస్తీనా సిరియాలలో, మన హైదరాబాదు సంస్థానపు ఆశ్విక దళం కూడా ఉన్నది. ఢిల్లీలో తీన్‌మూర్తి అని పేరుపొందిన మూడు విగ్రహాలలో ఒకటి ఆ హైదరాబాదు సైనికులకు గుర్తు. తక్కిన రెండు మైసూరు, జోధ్‌పూరు దళాలవి.

విజయం వచ్చినది గాని మాట నిలువలేదు. సిరియాను, మెసొపొటేమియాను తామిద్దరే పంచుకోవాలని బ్రిటిషువారు, ఫ్రెంచివారు 1916లోనే రహస్యంగా ఒప్పందం చేసికొన్నారు. ఆ సంగతి లారెన్సు ఎరుగును. ఎరిగియుండి అరబ్బులకు స్వాతంత్ర్యం ఆశచూపి నడిపించినాడు. అది అతని మనస్సులో ముల్లై కూర్చున్నది. ఆ అక్టోబరు చివరలో చక్రవర్తి ఐదవ జార్జి స్వయంగా బిరుదు ప్రదానం చేయబోతే, స్వీకరించలేనని ఎదుట నిలిచి విన్నవించుకొన్నాడు. 1920లో ఫ్రెంచివారు ఫైజలును డమాస్కసు నుంచి తరిమివేసినారు. 1921లో చర్చిలు మంత్రిగా కైరోలో జరిపిన సమావేశంలో లారెన్సు సలహాదారు. దాని ఫలితంగా ఫైజలుకు ఇరాకు సింహాసనం దక్కినది. దానితో తన ఋణం తీరినదని అతడు తలచినాడు. అదే సమావేశం ఇరాకును అదుపులో ఉంచే బాధ్యతను పదాతి సేనల నుంచి తప్పించి విమాన దళానికి అప్పగించినది. అంటే, తిరుగబడిన గ్రామాలపై ఆకాశం నుంచి బాంబులు వేసే పద్ధతి. దానిని లారెన్సు సమర్థించినాడు. ఆ దోషం నుంచి నేను అతనిని తప్పించబోను.

ఈలోగా లోవెల్ థామస్ అనే అమెరికా పాత్రికేయుడు 1919లో లండనులో చిత్రప్రదర్శనలు పెట్టి లారెన్సును ఇంటింటి పేరు చేసినాడు. అతడే చాటుగా పోయి ఆ ప్రదర్శన చూచి వచ్చినాడనీ అంటారు. కీర్తి అంటే రోత, కీర్తి అంటే మోజు. రెండూ అతనిలో ఉన్నవి. అదే యేడు తన యుద్ధానుభవ గ్రంథం వ్రాతప్రతిని రీడింగ్ రైలు స్టేషనులో బండి మారుతూ పోగొట్టుకొన్నాడు. అది ఇక దొరకలేదు. జ్ఞాపకం నుంచే మరల మొత్తం వ్రాసినాడు. వ్రాతప్రతి పోగొట్టుకోవడమంటే ఏమిటో ఎరిగినవారికి ఇది అకాబా విజయం కంటె పెద్ద సాహసంగా కనిపిస్తుంది.

1922 ఆగస్టు చివరలో, ముప్పదినాలుగేండ్ల వయస్సులో, జాన్ హ్యూమ్ రాస్ అనే పేరుతో అతడు బ్రిటిషు విమాన దళంలో అన్నిటికంటె క్రింది మెట్టున చేరినాడు. మాజీ కర్నలు ఇప్పుడు బారకాసుల నేల కడిగే భటుడు. దుర్యోధనుని వేగులవాండ్రవలె పత్రికల వారు నాలుగు నెలలలోనే జాడ తీసినారు. డిసెంబరులో వార్త గుప్పుమన్నది. 1923 జనవరిలో దళం అతనిని బయటికి పంపినది. రెండు నెలలు గడవకుండా షా అనే మరొక పేరుతో టాంకుల సైన్యంలో చేరి, డార్సెట్ ప్రాంతంలో బోవింగ్టను శిబిరానికి పోయినాడు. దగ్గరలోనే క్లౌడ్స్ హిల్ అనే చిన్న కుటీరం సంపాదించుకొన్నాడు. అయితే మనస్సంతా విమాన దళం మీదనే. 1925లో, పలుకుబడి గల మిత్రులు నచ్చచెప్పగా, దళం అతనిని మరల తీసికొన్నది. 1927లో షా అనే పేరును చట్టప్రకారం తనదిగా చేసికొన్నాడు.

ఆ యేటి జనవరిలో మన ఉపఖండానికి వచ్చినాడు. కరాచీ చెంత డ్రిగ్ రోడ్ స్థావరంలో ఇంజన్ల మరమ్మతు విభాగంలో గుమాస్తా పని. అదే సమయాన ఇంగ్లండులో అతని గ్రంథానికి సంగ్రహ ప్రతి వెలువడి వేలకొలది అమ్ముడుపోయినది. పెద్ద గ్రంథాన్ని చందాదారులకు ముప్పది గినీలకు ఇచ్చి, అంతకు మూడింతలు ఖర్చు పెట్టి అచ్చువేయించినందున పేరుకొన్న అప్పులు ఆ సంగ్రహంతో తీరినవి. మిగిలిన సొమ్మంతా విమాన దళ సహాయనిధికి పోయినది; తాను ఒక్క కాసు ముట్టలేదు. కరాచీలో ఉన్నన్నాళ్ళు స్థావరం కంచె దాటి ఊరు చూడటానికైనా పోలేదు. రెండేండ్లు మన గడ్డ మీద ఉండి మనవైపు కన్నెత్తి చూడలేదన్న చిన్న కినుక నాకు ఈనాటికీ ఉన్నది. తూర్పుదేశాలను మరల ప్రేమించడానికి భయపడినాడేమో.

1928లో వజీరిస్తాను కొండల మధ్య మీరన్‌షా అనే చిన్న కోటకు మార్చినారు. అక్కడ కంచెల నడుమ కూర్చుండి హోమరు మహాకావ్యం ఒడిస్సీని ఇంగ్లీషు వచనంలోకి అనువదించడం ప్రారంభించినాడు. యుద్ధం ముగిసిన తరువాత ఇల్లు చేరలేక పదేండ్లు సముద్రాలపై తిరిగిన వీరుని కథను, చుట్టూ చుక్క సముద్రం లేని చోట వ్రాయడం మొదలుపెట్టినాడు. ఇంతలో ఆఫ్ఘనిస్తానులో అమానుల్లాపై తిరుగుబాటు చెలరేగినది. సరిహద్దులో లారెన్సు ఉన్నాడంటే ఆ కుట్ర అతనిదే కావాలని పత్రికలు వ్రాసినవి. పాపం, ఈసారి అతడు నిజంగానే గుమాస్తా. 1929 జనవరిలో హడావిడిగా విమానమెక్కించి, ఓడ ఎక్కించి, ఇంగ్లండుకు పంపివేసినారు. ఫిబ్రవరి 2న ప్లిమత్ రేవులో పత్రికలవారి కంట పడకుండా అతనిని ఓడ నుంచి చిన్న లాంచిలోకి దించుకొన్నారు. తీరానికి అతని ప్రవేశం పడవలోనే జరిగినది.

ప్లిమత్ రేవు ముంగిట సముద్రంలోకి చొచ్చుకొనివచ్చిన చిన్న మెట్ట మౌంట్ బ్యాటన్. ఒక పాత గుండ్రని రాతి బురుజు, చుట్టూ నీరు, వెనుక చిన్న పల్లె, నీటి మీద వ్రాలే పెద్ద విమానాల కొక స్థావరం. మన వైపు బాపట్ల చెంత సూర్యలంక వెళ్ళినవారికి ఈ కలయిక కొత్త కాదు: ఒక పక్క వైమానిక దళపు కంచె, మరొక పక్క ఇసుక మీద వలలు ఆరవేసికొనే బెస్తల పడవలు. ఇంగ్లండు తీరంలో ఈ రెండింటికీ తోడు మూడవది ఒకటి ఉంటుంది. అది లైఫ్‌బోటు. తుఫానులో ఓడ చిక్కుకొంటే ప్రాణాలకు తెగించి పోయి కాపాడటానికి ఊరి జాలరులే స్వచ్ఛందంగా నడిపే పడవ అది. 1824లో స్థాపితమైన ఒక సంస్థ దేశమంతటా ఆ పడవలను పోషిస్తున్నది. ప్రభుత్వపు జీతం లేదు, ఊరివారి విరాళమే ఆధారం. ఈ ఏర్పాటు ఓడల కాలానిది. విమానాలు వచ్చిన తరువాత సముద్రంలో పడేవారు కొత్తవారు. వారికి అందవలసిన వేగం కూడా కొత్తది. ఓడ మునగడానికి గంటలు పట్టవచ్చు. విమానం నిమిషాలలో మునుగుతుంది. చల్లని నీటిలో మనిషి ఎంతోసేపు నిలువడు.

1931 ఫిబ్రవరి 4న ఈ సత్యం షా కళ్ళ ముందే జరిగినది. ఐరిస్ అనే పెద్ద నీటి విమానం మౌంట్ బ్యాటన్ ముందు దిగబోయి, ముక్కుతో నీటిని గుద్దుకొని మునిగిపోయినది. లోపల పన్నెండుగురు. రక్షణకు పోయిన పడవ జట్టులో షా ఉన్నాడు. కొందరే దక్కినారు. తరువాతి విచారణలో అతడు సాక్ష్యమిచ్చినాడు. విమానం నడపడంలో తగిన నేర్పు లేని పై అధికారి నడుపు పీఠంలో కూర్చున్నాడన్న సంగతిని కప్పిపుచ్చరాదని పట్టుపట్టినాడు. పట్టుపట్టినవాడు స్థావరంలో సామాన్య భటుడని గుర్తుంచుకోవాలి.

ఆనాటి విమాన దళపు పడవలు నౌకాదళపు పాత పద్ధతిలో కట్టిన బరువైన లాంచీలు. అవి నీటిని చీల్చుకొంటూ, ముందు ఒక కెరటాన్ని నెట్టుకొంటూ పోతాయి. ఎంత శక్తి గల ఇంజను పెట్టినా ఆ కెరటం పెద్దదవుతుందే గాని వేగం పెరగదు. సౌతాంప్టను చెంత హైథ్ అనే చోట హ్యూబర్ట్ స్కాట్-పెయిన్ అనే నిర్మాత వేరొక రకం పడవ కడుతున్నాడు. దాని అడుగు గుండ్రంగా ఉండదు. చదునుగా, నడుమ కొద్దిగా కోణం తీరి, అంచుల వద్ద ముక్కు విరిచినట్లు ఉంటుంది. వేగం అందుకోగానే ఆ పడవ నీటిపైకి లేచి, పిల్లలు చెరువులో విసిరిన పెంకువలె నీటిపొర మీద జారుతూ పోతుంది. ఈ సూత్రం అతనికి అప్పటికే అనుభవంలో ఉన్నది. ఒక ధనికుడు బహూకరించిన చిన్న వేగపు పడవను మౌంట్ బ్యాటన్‌లో నెలల తరబడి విప్పి, బిగించి, నడిపి చూచినాడు.

దళం కొత్త పడవలు పరీక్షించే పనిని అతనికి అప్పగించినది. ముప్పదియేడున్నర అడుగుల పొడవు, రెండు ఇంజన్లు, గంటకు ఇరవైయైదు నాటు మైళ్ళకు పైబడిన వేగం. వాటిని అతడు రాత్రింబవళ్ళు, పోటులో, గాలివానలో నడిపినాడు. ఇంజను ఎక్కడ కొట్టుకొంటున్నదో, కెరటం మీద ఏ కోణంలో పోతే నడుము విరగకుండా ఉంటుందో, మునుగుతున్న మనిషిని ఏ వైపు నుంచి చేరాలో ఒక్కొక్కటే గుర్తించి వ్రాసికొన్నాడు. 1932లో ఆ పడవలు నడిపేవారి కొరకు ఒక వివరమైన చేతిపుస్తకం కూర్చినాడు. అదే యేడు అతని ఒడిస్సీ అనువాదం కూడా అచ్చయినది. ఒడిస్సీని చదివినవారు ఎందరో ఉన్నారు; ఈ చేతిపుస్తకాన్ని గ్రీజు అంటిన చేతులతో తిరుగవేసినవారు కొద్దిమంది యంత్రకారులు. ఇంత శైలీప్రియుడు, విశేషణాల కొరకు తపించినవాడు, ఇక్కడ అలంకారమన్నది లేకుండా, ఏ మరను ఎంత బిగించాలో మాత్రమే చెప్పినాడు. యుద్ధగ్రంథంలో ప్రతి పుటలో నేను అనే మాట అతనిని వేధించినది. దానిని అతడు వదిలించుకొన్నది ఈ పుస్తకంలోనే.

కీచకులు ఇక్కడా వదలలేదు. అరేబియా లారెన్సు పడవలు కనిపెడుతున్నాడని 1932లో పత్రికలు వ్రాయగానే, దళం అతనిని పని నుంచి తప్పించి స్థావరపు చాకిరీలో పడవేసినది. విసిగి 1933లో రాజీనామా కోరినాడు. పై వారు దిగివచ్చి మరల పడవల కార్ఖానాల వద్దకు పంపినారు. అప్పటి నుంచి ఉక్కురేకుల కవచం తొడిగిన పడవల పని కూడా చేపట్టినాడు. విమానాల వాండ్రు బాంబులు వేయడం నేర్చుకొనేది వీటి మీదనే. లోపలి మనుష్యులతో సహా పడవ పరుగెత్తుతూ ఉంటుంది. పై నుంచి చిన్న అభ్యాసపు బాంబులు పడుతూ ఉంటాయి. లోపలివారికి దెబ్బ తగలకుండా చూడటం ఇతని పని. ఇరాకు గ్రామాలపై బాంబులను సమర్థించిన మనిషి పదేండ్ల తరువాత బాంబు క్రింద కూర్చున్నవాని రక్షణకు రేకులు కొలిచినాడు. దీనిలో ప్రాయశ్చిత్తం వెదకవచ్చునా? అతడు అటువంటి మాట ఎక్కడా అనలేదు. అనని మాటను అతని నోట పెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకున్నాను.

1934 నవంబరులో ఇంగ్లండు తూర్పు తీరాన బ్రిడ్లింగ్టను అనే రేవు పట్టణానికి పోయినాడు. ఆ చుట్టుప్రక్కలంతా పల్లెలు, పంటచేలు, సముద్రం కోసివేస్తున్న మట్టి దరులు. కొంత దూరాన క్యాట్‌ఫాస్ అనే విమాన స్థావరం. అక్కడి విమానాలు తీరం వెంబడి బాంబు అభ్యాసం చేస్తాయి. ఆ ఊరికి లైఫ్‌బోటు చరిత్ర పెద్దది. 1871 ఫిబ్రవరిలో ఒక భీకర తుఫానునాడు ఎన్నో ఓడలు ఆ అఖాతంలో పగిలిపోతుండగా, ఊరి పడవ ఒకటి మనుష్యులను ఒడ్డుకు చేర్చి మరల పోయి బోల్తా పడినది. తొమ్మిదిమంది జట్టులో ఆరుగురు మరణించినారు. ఏటేటా ఆ ఊరివారు ఆనాటి మృతులను స్మరించుకొంటారు. ఆ రేవులో, శీతకాలమంతా, పది పడవలను గట్టెక్కించి, ఇంజన్లు దించి, పలకలు గీకి, రంగులు వేయించి, వసంతానికి సిద్ధం చేయించడం షా బాధ్యత. దళంలో అతని చివరి పని అదే. పడవల పని తీరేనాటికి కొలువు కాలం కూడా తీరినది. 1935 ఫిబ్రవరి చివరలో, మెడకొక గుడ్డ చుట్టుకొని, సైకిలెక్కి దక్షిణ దిశగా సాగిపోయినాడు. పన్నెండేండ్ల కొలువుకు ఊరేగింపు లేదు.

క్లౌడ్స్ హిల్ కుటీరం చేరేసరికి వాకిట పత్రికలవారు కాచియున్నారు. వారు కప్పు మీద రాళ్ళు రువ్వినారు; ఇతడు కొన్నాళ్ళు ఇల్లు వదలిపోవలసి వచ్చినది. చేతులలో పని లేని మొదటి వేసవి అది. మే 13న మోటారు సైకిలుపై బోవింగ్టను తపాలా కచేరీకి పోయి, ఒక మిత్రునికి తంతి ఇచ్చి మరలివస్తూ, రోడ్డు పల్లంలో హఠాత్తుగా ఎదురైన ఇద్దరు సైకిలు కుర్రవాండ్రను తప్పించబోయి పడిపోయినాడు. పిల్లలు బ్రతికినారు. ఇతడు ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి, మే 19న మరణించినాడు. నలుబదియారేండ్లు. చికిత్సకు వచ్చిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్సా నిపుణుడు ఉన్నాడు. తలకు రక్షణ లేక పోయిన ఆ ప్రాణం అతనిని వదలలేదు. సైన్యంలో మోటారు సైకిళ్ళు నడిపేవారి తలగాయాలను లెక్కకట్టి 1941లో వ్యాసం ప్రకటించినాడు. సైనికులకు హెల్మెటు తప్పనిసరి కావడానికి అది తోడ్పడినది. నేడు హబ్సిగూడ కూడలిలో దీపం ఎర్రబడగానే ఆగే ద్విచక్ర వాహనాలను చూచినపుడు, ఆ తలలపై ఉన్న హెల్మెట్ల వంశవృక్షంలో ఒక కొమ్మ అక్కడికి చేరుతుందని జ్ఞాపకం వస్తుంది. తలపై లేనివారిని చూచినపుడు మరింతగా జ్ఞాపకం వస్తుంది.

మోర్టన్ అనే పల్లెలో సమాధి చేసినారు. చర్చిలు వచ్చి కన్నీరు పెట్టినాడు. సమాధి రాతి మీద లారెన్సు అనే పేరు, ఆక్సుఫర్డులోని ఆల్ సోల్స్ కళాశాల సభ్యుడన్న హోదా చెక్కినారు. అరేబియా మాట లేదు; పన్నెండేండ్లు మోసిన షా అనే పేరు కూడా లేదు.

ఇక మొదట చెప్పిన కారణం. మొదటి ప్రపంచ యుద్ధం చివరలో ఏడవ నిజాం ఇచ్చిన ధనంతో బ్రిటిషు విమాన దళంలో ఒక పటాలానికి హైదరాబాదు పేరు పెట్టినారు. రెండవ యుద్ధంలోనూ అదే ఆనవాయితీ సాగినది. వాటిలో 152వ హైదరాబాదు పటాలం ఒకటి. దాని చిహ్నంపై నిజాం తలపాగా ఉంటుంది. ఆ నిజాం ఖజానాకు సొమ్ము సమకూర్చినవాడు తెలంగాణపు రైతు. తన శిస్తు ఏ సముద్రంపై ఎగురుతున్నదో వాడు ఎరుగడు. 1940 జూలైలో ఆ పటాలం స్పిట్‌ఫైర్ విమానాలతో డార్సెట్ తీరాన వార్మ్‌వెల్ స్థావరానికి వచ్చినది. వార్మ్‌వెల్ నుంచి మోర్టన్ సమాధికి కొద్ది మైళ్ళే. ఆ వేసవి అంతా జర్మను విమానాలతో పోరు ఆ తీరపు నీటిపైననే జరిగినది. హైదరాబాదు పటాలపు యువకులు పలువురు సముద్రంలో పడినారు. కొందరి శవాలు కూడా దొరకలేదు.

స్కాట్-పెయిన్ కార్ఖానాలో, షా పరీక్షించిన పడవల అడుగును పెంచి కట్టిన పెద్ద రక్షణ లాంచీలు 1936 నుంచి దళానికి వస్తున్నవి. కాని 1940 వేసవినాటికి తీరమంతటికీ కలిపి అవి రెండు పదులైనా లేవు. లాంచీ చేరలేని చోట జాలరులు, లైఫ్‌బోటు వారు పోయినారు. ఆ సెప్టెంబరులో మార్గేట్ ఊరి లైఫ్‌బోటు కాలిన చేతులతో తేలుతున్న రిచర్డ్ హిల్లరీ అనే యువకుని వెలికితీసినది. అతడు బ్రతికి, ఆ యుద్ధపు మంచి పుస్తకాలలో ఒకటి వ్రాసినాడు. అందరికీ ఆ అదృష్టం లేదు. పోయిన ప్రాణాల లెక్క చూచి, 1941 ఫిబ్రవరిలో ఆకాశ సముద్ర రక్షణకు ప్రత్యేక శాఖ ఏర్పాటు చేసి, లాంచీలను పదులలో, ఆపై వందలలో నీటిలోకి దించినారు. యుద్ధం ముగిసేలోగా ఆ శాఖ రక్షించిన ప్రాణాలు వేలలో ఉన్నవి. విమాన దళపు పడవల విభాగం 1986 దాకా సాగి ముగిసినది.

వార్మ్‌వెల్ నుంచి పైకి లేచిన విమానం సముద్రం వైపు తిరగడానికి కొద్ది నిమిషాలు చాలు. నిజాం తలపాగా చిహ్నం గల పటాలపు కుర్రవాండ్రలో ఎవడైనా ఆ చుట్టు తిరుగుతూ క్రిందికి చూచియుంటే, పచ్చని పొలాల నడుమ మోర్టన్ దేవాలయం, దానికి కొంచెం ఎడంగా శ్మశానం, అందులో ఐదేండ్లనాటి రాయి కనిపించియుండును.